నక్షత్రం (ఆర్థర్ సి. క్లార్క్ కథ)

బ్రిటిష్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ (1917–2008) రాసిన సైన్స్ ఫిక్షన్ కథ ‘ద స్టార్’. 1955 నవంబరులో ‘ఇన్ఫినిటీ సైన్స్ ఫిక్షన్’ పత్రిక తొలి సంచికలో అచ్చయింది. 1956లో ఉత్తమ చిన్న కథగా హ్యూగో పురస్కారం పొందింది. క్రీ.శ. 2500 ఇతివృత్తంగా ‘అబ్జర్వర్’ పత్రిక పెట్టిన పోటీ కోసం క్లార్క్ దీన్ని రాశాడు. అక్కడ ఏ బహుమతీ రాలేదు. మతవిశ్వాసానికీ శాస్త్ర పరిశోధనకూ మధ్య నలిగే మనిషిని చూపిన కథల్లో ఇంత పేరున్నవి తక్కువ.

కథ చెప్పేది ఒక జెస్యూట్ గురువు, అంటే కాథలిక్కుల యేసు సభకు చెందిన మతగురువు. వ్యోమనౌకలో ముఖ్య ఖగోళ భౌతిక శాస్త్రవేత్త కూడా ఆయనే. వాటికన్‌కు మూడు వేల కాంతి సంవత్సరాల దూరాన, పేలిపోయిన ఒక నక్షత్రపు శిథిలాలను పరిశీలించి నౌక తిరుగుముఖం పట్టింది. ఆ నక్షత్రపు గ్రహాల్లో, మన ప్లూటోలా అన్నిటికన్నా దూరంగా తిరిగేది ఒక్కటే మిగిలింది. తమ సూర్యుడు పేలబోతున్నాడని ముందే తెలుసుకున్న ఒక జాతి, తన జ్ఞాపకాలన్నిటినీ అక్కడ భద్రపరిచి పోయింది. శిల్పాలు, నగరాల దృశ్యాలు, సంగీతంలా వినిపించే వాళ్ల మాటలు, నీలి ఇసుక తీరంలో ఆడుకునే పిల్లలు. సొంత గ్రహాల మధ్య తిరగగలిగారు గాని, మరో నక్షత్రాన్ని చేరే విద్య వాళ్లకింకా పట్టుబడలేదు. మిగిలిన గ్రహపు రాళ్లను బట్టి పేలుడు ఎప్పుడు జరిగిందో గురువు లెక్కగట్టాడు. ఆ వెలుగు భూమికి ఏ సంవత్సరం చేరిందో కూడా దాంతో తేలిపోయింది. క్రీస్తు పుట్టినప్పుడు బేత్లెహేముకు జ్ఞానులను నడిపించిన తార అదే.

గెలీలియో నాటి నుంచి సాగుతున్న తగాదాలో శాస్త్రం గ్రంథాన్ని కాదంటుంది. ఈ కథలో శాస్త్రం గ్రంథం తరఫున సాక్ష్యం చెబుతుంది. గురువును పడగొట్టేది ఆ సాక్ష్యమే. సువార్త కట్టుకథ అని తేలినా ఆయన ఇంతగా కలవరపడేవాడు కాదేమో. సృష్టికి పథకమంటూ లేదని వాదించే నాస్తికుడు, నౌకలోని వైద్యుడు, తోడుగానే ఉన్నాడు. అతని మాటే నిజమైతే ఆ జాతి చావుకు ఎవరూ జవాబుదారీ కారు. గురువుకు ఆ వెసులుబాటు లేదు: ఆ తారను వెలిగించడానికి ఒక జాతినంతటినీ ఎందుకు బలిచేయాలని ఆయన దేవుణ్ని అడుగుతాడు. క్లార్క్ స్వయంగా నాస్తికుడే అయినా గురువును ఎగతాళి చేయలేదు. గదిలో శిలువ, గోడమీద రూబెన్స్ గీసిన యేసు సభ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా చిత్రం, అచ్చయిన పరిశోధన పత్రాల్లో మూడు ‘ఆస్ట్రోఫిజికల్ జర్నల్’లో, అయిదు రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అంటూ నిండైన మనిషిగా నిలబెట్టాడు.

శాస్త్రవేత్త అయిన జెస్యూట్ ఊహామాత్రుడేమీ కాడు. వర్ణపటాలను బట్టి నక్షత్రాలను వర్గీకరించిన తొలి తరంవాడు ఆంజెలో సెక్కి యేసు సభవాడే. 1930ల నుంచి వాటికన్ వేధశాలను నడుపుతున్నదీ వాళ్లే. 1951లో పన్నెండవ పయస్ పోపు, విశ్వానికి ఆరంభం ఉందన్న కొత్త ఖగోళ శాస్త్రం సృష్టివాదానికి బలమిస్తోందన్న ధోరణిలో ప్రసంగించాడు. ఆ సిద్ధాంతానికి ఆద్యుడు, స్వయంగా గురువు అయిన బెల్జియం శాస్త్రవేత్త జార్జ్ లమేత్ర్‌కు అది రుచించలేదు. శాస్త్రం చేత విశ్వాసానికి పూచీకత్తు ఇప్పించడంలోని ప్రమాదాన్ని నాలుగేళ్ల తర్వాత క్లార్క్ కథ ఇంకా కఠినంగా చూపింది.

క్లార్క్‌దే ‘ద నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్’ (1953) దీనికి తోబుట్టువు. టిబెట్ సన్యాసులు దేవుడి పేర్లన్నీ అచ్చువేయడానికి కంప్యూటర్ తెప్పించుకుంటారు. నవ్వుకున్న ఇంజనీర్లే చివరికి పొరబడతారు. జేమ్స్ బ్లిష్ నవల ‘ఎ కేస్ ఆఫ్ కాన్షెన్స్’ (1958)లోనూ కథానాయకుడు జెస్యూటే, పెరూ దేశపు జీవశాస్త్రవేత్త. దేవుడే తెలియకుండా పాపమెరుగని జీవుల గ్రహాన్ని చూసి, ఇది సైతాను పన్నిన ఉచ్చు అనుకుంటాడు. వాల్టర్ మిల్లర్ ‘ఎ కాంటికల్ ఫర్ లీబోవిట్జ్’ది వేరే దారి. అణుయుద్ధం తర్వాత శాస్త్రాన్ని కాపాడేది మఠమే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని మాంటే కసీనో మఠంపై బాంబులు వేసిన విమానదళంలో మిల్లర్ పనిచేశాడు.

బేత్లెహేము తార ప్రస్తావన నాలుగు సువార్తల్లో మత్తయి ఒక్కదానిలోనే ఉంది. క్రీ.పూ. 7లో గురు, శని గ్రహాలు దగ్గరగా కనిపించాయని కెప్లర్ లెక్కలు వేశాడు. తోకచుక్క అన్నవాళ్లూ ఉన్నారు. క్లార్క్ ఎంచుకున్న సూపర్‌నోవాకు ఖగోళ ఆధారం లేదు. 1054లో చైనా పరిశీలకులు నమోదు చేసిన పేలుడుకు క్రాబ్ నెబ్యులా మిగిలినట్టు, ఈ తారకు శిథిలాలేవీ దొరకలేదు.

1985లో ‘ద ట్విలైట్ జోన్’ ధారావాహిక కథను టీవీకెక్కించింది. అందులో చనిపోయిన జాతి వదిలిన సందేశం గురువును ఓదారుస్తుంది. క్లార్క్ అలాంటి ఓదార్పేదీ ఇవ్వలేదు. టీవీ ముగింపు మెత్తనిదే గాని, గురువు అడిగిన ప్రశ్నను పక్కకు తప్పించింది.