శ్రీపర్వతమునకుఁ బ్రాచీన సోపానమార్గము

పర్వతశబ్దము సంస్కృతమున సామాన్యవాచకము. ఏ కొండకైనను జెల్లును. తెనుఁగు కన్నడ దేశముల శివభక్తుల వాడుకలో మాత్రము విశేషణాపేక్ష లేకయే యది శ్రీశైలమున రూఢమైనది. పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమున శ్రీశైలయాత్రను వర్ణించిన భాగము పర్వతప్రకరణమనియే ప్రసిద్ధము. 1794లో ఈ క్షేత్రమును జూచివచ్చిన కాలిన్ మెకంజీ దొరయుఁ దన యింగ్లీషు వ్యాసపు శీర్షికలో ఈ పర్వతశబ్దమునే నిలిపినాఁడు. ఈ రూఢికి దేవుని మహిమ యొక్కటియే కారణము కాదు. అచ్చటికిఁ బోవుటలోని కష్టమును గారణమే.

ఆ కష్టము మిక్కిలి పాతది. అయిదవ శతాబ్దినాఁటి తాళగుంద స్తంభశాసనము, కదంబ మయూరశర్మ పల్లవుల సరిహద్దు కాపరులను గెలిచి శ్రీపర్వతద్వారము వఱకు వ్యాపించిన దుర్గమారణ్యమున నిలిచెనని చెప్పుచున్నది. ఇందలి ద్వారశబ్దమునకు తలుపులు గల వాకిలి యని యర్థము చెప్పుట పొసఁగదు. అడవిలోఁ బ్రవేశించుటకు వీలైన తావు అనియే గ్రహింపవలయును. త్రిపురాంతకము, సిద్ధవటము, అలంపురము, ఉమామహేశ్వరము శ్రీశైలమునకు నాలుగు ద్వారములని చెప్పు సంప్రదాయమునందును అర్థ మిదియే.

పడమటి యాత్రికులు, ముఖ్యముగాఁ గన్నడిగులు, పట్టు దారి నేఁటి నంద్యాల జిల్లాలోని ఆత్మకూరు ప్రాంతమున మొదలగును. తొలి మజిలీ నాగలూటి. అచ్చట వీరభద్రుని శిథిలాలయమును కోనేరును గలవు. అంతవఱకు నడక సుకరము. అటుపైని నల్లమల యెక్కుడు ఆరంభమగును. ఱాతిమెట్లు చెట్లనీడల నడుమ మలుపులు తిరుగుచుఁ బోవును. ఎక్కి చేరిన పిదప వచ్చునది పేచెఱువు. పేరోలగము, పేరురము మున్నగు మాటలలో పేరు అనునది పెద్దయను నర్థమున నున్నట్లే యిచ్చటను నుండి, హల్లు పరమగునపుడు రేఫ జాఱిపోయినదని యూహింపవచ్చును. యాత్రికులకు మాత్రము వ్యుత్పత్తితోఁ బనిలేదు. ఆ యడవిలో నీరు దొరకుచోటు అదియే యని తెలిసినఁ జాలును.

ఈ మార్గమున నెల్ల కఠినమైనది భీమునికొలను. దారి మిట్టనుండి లోఁతైన లోయలోనికి మెట్లమీఁద దిగి, నీటిచెంతకు వచ్చి, ఆవలిగట్టున మరల నిట్టనిలువుగా నెక్కును. దిగుట యెక్కుటకంటె సులభమనుకొను వారికి మోఁకాళ్లే సమాధానము చెప్పఁగలవు. ఆ యెక్కుడు ముగియు తావునఁ గైలాసద్వారము. అచ్చటినుండి హాటకేశ్వరము మీఁదుగా శ్రీశైలము చేరుట కష్టము కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ కాశీయాత్రలో 1830లో ఈ దారినే పోయినారు. 1838లో అచ్చుపడిన వారి గ్రంథము ఈ మజిలీలను నెఱుఁగుటకు నేఁటికిని బనికివచ్చును.

ఈ మెట్లు కట్టించిన వారెవ్వరు? భీమసేనుఁడని జనశ్రుతి, దానిని బక్కకుఁ బెట్టవచ్చును. అద్దంకి రాజధానిగా నేలిన ప్రోలయ వేమారెడ్డి యని పలువురు వ్రాయుదురు. 14వ శతాబ్ది పూర్వార్ధమున నాతఁడు శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెనన్నది శాసనసిద్ధము. అయినను నాగలూటి మెట్లే యవి యని చెప్పుటకు ఆధార మేది? అద్దంకి తూర్పుననున్నది, తూర్పుద్వారము త్రిపురాంతకము, కావునఁ బడమటి దారితో నాతనికిఁ బనిలేదని కొందఱందురు. ఈ వాదము నిలువదు. అహోబలమును అద్దంకి కంతకంటె చేరువది కాదుగదా! ధర్మకార్యమును రాజ్యపుటెల్లలతోఁ గొలుచుట తగదు.

చిక్కు వేఱొకచోట నున్నది. శ్రీశైలసోపానమను సమాసమును శ్రీశైలమునకుఁ బోవు సోపానమని విడఁదీయవచ్చును, శ్రీశైలమునందలి సోపానమనియు విడఁదీయవచ్చును. మొదటి పక్షమున నది యడవిదారి కావచ్చును. రెండవ పక్షమునఁ గొండమీఁదినుండి కృష్ణకు దిగు పాతాళగంగ మెట్లును గావచ్చును. సమాసము తానై నిర్ణయింపదు. పాతాళగంగ మెట్ల విషయమున విజయనగరపు రెండవ హరిహరరాయల (1377-1404) దేవి విఠలాంబ పేరును వినవచ్చుచున్నది. కావున నొక్క రాజునకే మెట్లన్నియు నంటఁగట్టుట తొందరపాటు. వేముని కుమారుఁడు అనవేమారెడ్డి 1377లో శ్రీశైలాలయమున వీరశిరోమండపమును గట్టించి శాసనము వేయించినాఁడు. దానిఁ గూర్చి తగవు లేదు. నాగలూటి, భీమునికొలను మెట్ల విషయమునఁ బలువురు దాతలు పలుకాలములఁ గట్టించిరనుటయే యుక్తమని తోఁచును.

దీనిని దేల్చుటకు మెట్టుమెట్టును బరిశీలించి, ఱాతిపనిని బోల్చి చూచుట యొక్కటే మార్గము. అందుకుఁ గాలము మిక్కిలిగా లేదు. వానలకును వేళ్లకును గొన్నిచోట్ల ఱాళ్లు గదలినవి. క్రిందఁ గృష్ణపై శ్రీశైలపు ఆనకట్ట కట్టిన పిమ్మట పాతాళగంగ పాతమెట్లలోఁ గొంతభాగము నీట మునిఁగినది. అచ్చటి సాక్ష్యము చేయిదాఁటినట్లే. అడవిదారి పులుల సంరక్షణప్రదేశములోనిది. అటవీశాఖవారి యనుమతి లేక పోరాదు.

దారిని నిలిపినవారు దాతలే యనుట పూర్ణసత్యము కాదు. యాత్రికులకు దారి చూపుచు, కాపుగా వచ్చుచు నుండినవారు చెంచులు. మల్లికార్జునుఁడు తమ యింటి యల్లుఁడని వారి నమ్మకము. చెంచుమల్లయ్య యని పిలుతురు. రాజుల మెట్లకు శాసనములున్నవి, వీరి కాపుదలకు శాసనము లేదు. మోటారు దారులు వచ్చిన పిమ్మట ఈ కాలిదారి యేఁడాదిలోఁ బెక్కుదినములు నిర్జనమైనది. శివరాత్రికిని ఉగాదికిని మాత్రము భక్తులు, విశేషించి కన్నడదేశీయులు, గుంపులు గుంపులుగా నాగలూటి దాఁటి, పేచెఱువున విశ్రమించి, భీమునికొలను దిగి, మల్లయ్యను దలఁచుచుఁ గైలాసద్వార మెక్కుచున్నారు.