మూర్ఛకు మూలమెక్కడ?

మా చిన్ననాట, 1980ల తొలి యేండ్లలో, మా వీధిలో ఒక యువకుడుండెడివాడు. పెండ్లిపందిటిలోనో బడి వాకిటనో ఉన్నట్టుండి నేలకూలి కాలుసేతులు కొట్టుకొనెడివాడు. వెంటనే ఎవరో ‘తాళపుచెవులు తెండి’ అని కేకవేసెడివారు. ఒక ఇల్లాలు బొడ్డున దోపుకొన్న గుత్తి తీసి యిచ్చెడిది. దానిని ఆతని పిడికిట నుంచెడివారు. ఒకటి రెండు నిమిషములలో ఈడ్పు తగ్గెడిది. ఇనుము మహిమ యని అందరము నమ్మితిమి. ఇనుమున్నను లేకున్నను అది సాధారణముగ అంతలోనే తగ్గుననియు, ఆతనిని ప్రక్కకు ఒత్తిగిలజేసి, నోట నేమియు పెట్టక కనిపెట్టియుండవలెననియు, అయిదు నిమిషములు మించినచో వైద్యశాలకు చేర్చవలెననియు మాకెవరును చెప్పలేదు. ఆతనికి పిల్లనిచ్చినవారు లేరు. ఆతని చెల్లెలికి వచ్చిన రెండు సంబంధములు కూడ తప్పిపోయినవి.

ఈ వ్యాధి ఎక్కడనుండి వచ్చుచున్నది అను ప్రశ్న మిక్కిలి పాతది. మన ఆయుర్వేదము దీనిని అపస్మారమనెను; స్మృతి తొలగిపోవుట యని ఆ మాటకర్థము. వాత, పిత్త, కఫ, సన్నిపాతములనుబట్టి చరకసంహిత దీనిని నాలుగు విధములుగ విభజించినది. గ్రీకులు దీనిని ‘పవిత్రవ్యాధి’ అనెడివారు. దేవతలు పంపినదని భావము. క్రీస్తుపూర్వము 400 ప్రాంతమున హిప్పోక్రటీసు పేర వెలసిన గ్రంథమొకటి ఆ మాటను ఖండించినది. ఇతర వ్యాధులకంటె ఇందు పవిత్రత యేమియు లేదనియు, దీని స్థానము మెదడనియు తేల్చినది. మేకలకు కూడ ఈ వ్యాధి వచ్చుననియు, అట్టి మేక తల కోసి చూచినచో మెదడు నీరుపట్టి కంపుకొట్టుచుండుననియు అందున్నది. ఇతరులు దేవతను ప్రసన్నము చేసికొనుచుండగా ఈ గ్రంథకర్త మేకతలను కోసి చూడుడనెను! అయినను ఆ మాట రెండువేల యేండ్లకు పైగా మూలబడియున్నది.

మెదడులోని బూడిదవర్ణపు పదార్థము అప్పుడప్పుడు, హఠాత్తుగ, మితిమీరి తన శక్తిని విడుచుటయే మూర్ఛ యని 1873లో లండను వైద్యుడు హ్యూలింగ్సు జాక్సను నిర్వచించెను. జర్మనీయందు హాన్సు బెర్గరు 1924లో మనుష్యుని తలపైనుండి మెదడు విద్యుత్తరంగములను నమోదుచేసి, 1929లో ప్రకటించెను. మందులును వచ్చినవి. 1857లో బ్రోమైడు, 1912లో ఫినోబార్బిటాలు, 1938లో ఫెనిటాయిను. వీనిలో చివరి రెండును నేటికిని వాడుకలో నున్నవి. కాని ఈడ్పు ఎట్లు పుట్టునో తెలిసినంత మాత్రమున, ఫలానివానికి ఎందుకు పుట్టినదో తెలియదు. తలకు తగిలిన దెబ్బ, మెదడుపొరల వాపు, కాన్పునాడు బిడ్డకు ఊపిరందకపోవుట, గడ్డ, పక్షవాతము, వీనిలో ఏది మెదడును గాయపరచినను ఈడ్పులు రావచ్చును. పెక్కుమందిలో ఏ కారణమును కనబడదు.

కారణమును వెదకిన కథలలో మన దేశముతో ముడిపడినది యొకటి కలదు. భారతదేశమున కొలువుచేసి స్వదేశమునకు మరలిన బ్రిటిషు సైనికులలో కొందరికి మూర్ఛ వచ్చుచుండెను. సైన్యమున చేరునాటికి వీరు పరీక్షకు నిలిచిన దృఢకాయులు. అయినను కొందరిని కారణము తెలియని మూర్ఛరోగులనియు, కొందరిని హిస్టీరియా బాధితులనియు, కొందరిని ఉన్మాదులనియు వ్రాసికొనిరి. సైనికవైద్యుడైన మకార్థరు ఈ నిర్ణయములకు తలయొగ్గలేదు. లండనులోని మిల్‌బ్యాంకు సైనిక వైద్యశాలలో ఆతడు ఇట్టివారి చర్మముక్రింద చిన్న గడ్డలకై వెదకించెను. ఆ గడ్డలలో బద్దెపురుగు పిల్లల తిత్తులు కనబడినవి. మెదడునందున్నవియు అవియే. 1934లో ఆతని వ్యాసము వెలువడినది. వెదకులాట కొనసాగి, 1944 నాటికి 284 మంది చరిత్రలు, 1961 నాటికి 450 మంది చరిత్రలు గ్రంథస్థమైనవి. వారిలో అత్యధికులు భారతదేశమున పనిచేసినవారే.

ఆ పురుగు సంగతి కొంత చెప్పక తప్పదు. సరిగా ఉడుకని పందిమాంసములోని తిత్తిని తిన్నవాని ప్రేగులలో అది పొడవైన బద్దెపురుగై పెరుగును. 1855లో కూఖెన్‌మైస్టరు అను జర్మను వైద్యుడు మరణశిక్ష పడిన ఖైదీ ఆహారమున, ఆతనికి తెలియకుండ, అట్టి తిత్తులను కలిపించి, శిక్ష జరిగిన పిమ్మట ప్రేగులలో పురుగులను చూచి దీనిని నిరూపించెను. ఫలితము నిజమే గాని ఆ పద్ధతిని మెచ్చుటకు మాకు మనసొప్పదు. ఇక ప్రేగులలోని పురుగుకంటె దాని గ్రుడ్లు ప్రమాదకరములు. అవి మలముతో వెలువడి, కడుగని చేతులద్వారా, పచ్చికూరలద్వారా, నీటిద్వారా మరొకరి కడుపున చేరినచో, వానినుండి వెడలిన పిల్లపురుగులు నెత్తురున పయనించి కండరములలోను మెదడులోను తిత్తులై కూర్చుండును. కావున మాంసము ముట్టని యింటివారికిని ఇది రాగలదు. తిత్తి బ్రదికియున్నంతకాలము, ఏండ్ల తరబడి, ఏ అలజడియు లేకపోవచ్చును. అది చచ్చునప్పుడు చుట్టునున్న మెదడు వాచి ఈడ్పులు మొదలగును. సైనికుడు ఓడ దిగి ఇల్లుచేరిన కొన్నియేండ్లకు మూర్ఛ వచ్చుటకు కారణమిదియే.

1980లలో ఇదే చిక్కు మరల మన వైద్యులకు ఎదురైనది. సి.టి. స్కాను యంత్రములు వచ్చిన తరువాత, ఈడ్పులు వచ్చిన పెక్కుమంది మెదడులో ఒకేయొక చిన్న మచ్చ, ఉంగరమువలె, కనబడసాగెను. క్షయ మన దేశమున విస్తారము గనుక అది క్షయగడ్డయే యనుకొనిరి. నెలలకొలది క్షయమందులు మ్రింగించిరి. మచ్చ మాయమయ్యెను. మందు పనిచేసినదనిరి. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలయందు జేకబ్ చాందీ 1949లో మన దేశపు తొలి నాడీశస్త్రచికిత్సా విభాగమును నెలకొల్పియుండెను. ఆ విభాగమునకు చెందిన మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ మొదలగువారు అట్టి మచ్చలను శస్త్రచికిత్సతో తీసి సూక్ష్మదర్శినిక్రింద చూచిరి. వానిలో చాలవరకు క్షయ కాదు, సైనికుల మెదళ్లను బాధించిన తిత్తియే. 1989లో ‘లాన్సెట్’ పత్రికలో ఈ సంగతి వెల్లడియైనది. ఇట్టి మచ్చలు పెక్కుసార్లు తమంతట తామే కరగిపోవునని కూడ తేలినది. క్షయమందునకు దక్కిన కీర్తి, మా వీధి తాళపుచెవులకు దక్కిన కీర్తి వంటిదే. కాకపోతే, పిడికిటిలోని తాళపుచెవి కాలేయమును బాధింపదు.

వైద్యులు ఇట్లు వెదకుచుండగా శాసనము వేరొక త్రోవ పట్టినది. ఉన్మాదము లేక మూర్ఛ పదేపదే వచ్చువారు వివాహమునకు అర్హులు కారను నియమమును 1976లో హిందూ వివాహ చట్టమున చేర్చిరి. అట్టి వివాహమును న్యాయస్థానము రద్దుచేయవచ్చును. మూర్ఛకు కారణమేమో, మందుతో అది అదుపున నున్నదో లేదో ఆ వాక్యము అడుగలేదు. సరియైన చికిత్స దొరకినచో నూటికి 70 మంది వరకు ఈడ్పులు లేకుండ బ్రదుకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అట్టివారినందరిని ఒక్క మాట పెండ్లిపీటలనుండి లేవదీయగలిగెను. మూర్ఛవ్యాధి సంఘములవారు చిరకాలము వాదించిన పిమ్మట, 1999 డిసెంబరులో ‘లేక మూర్ఛ’ అను మాటలను కొట్టివేసిరి.

మా వీధి యువకుడు అప్పటికి నడివయస్కుడు, ఒంటరి. ఆతని తలకు స్కాను ఎవరును తీయింపలేదు.