గుణవతి

మహానందిలో పెళ్లి చేసుకునేవాళ్లు జాతకాల్లో చూసే గుణాలు 36. అవి మార్కుల లెక్క. దగ్గర్లోని నంద్యాలలో క్రైస్తవుల పెళ్లి ప్రసంగాల్లో వినబడే ‘గుణవతి’ వేరు.

సంస్కృతంలో గుణమంటే దారం, పోగు కూడా; వింటినారినీ గుణమనే అన్నారు. మన ఊళ్లలో మాత్రం ‘గుణమున్న పిల్ల’ అంటే నెమ్మదస్తురాలు, ఎదురు చెప్పనిది. తెలుగు బైబిల్లో సామెతలు 31వ అధ్యాయం ‘గుణవతి’ అన్నచోట హీబ్రూలో ఉన్నది ‘ఎషెత్ హయిల్’. హయిల్ అంటే బలం, సంపద, సైన్యం కూడా! ఆ ఇల్లాలు పొలం చూసి కొంటుంది, తన సంపాదనతో ద్రాక్షతోట వేస్తుంది, నారబట్టలు చేసి అమ్ముతుంది. ఉత్త నెమ్మదితనంతో ఇవన్నీ జరిగేవేనా?

బైబిల్లోనే రూతు గ్రంథంలో పొలం యజమాని బోయజు రూతును మెచ్చుకున్నదీ ఈ హీబ్రూ మాటతోనే. మన అనువాదంలో అక్కడది ‘యోగ్యురాలు’ అయింది. రూతు మోయాబు నుంచి వచ్చిన వితంతువు, పొలాల్లో పరిగె ఏరుకుని అత్తను పోషించింది. అత్త చెప్పిన మీదట కళ్లంలో బోయజు దగ్గర పెళ్లి మాట ముందుగా ఎత్తిందీ ఆమే.

‘గుణవతి కావాలి’ అని సంబంధాలు వెతికే పెద్దలు ముందు రూతు గ్రంథం చదవండి. నాలుగే అధ్యాయాలు.