ఒంటిగది బడులు

మీ ఊరి బడి ఎవరి సొమ్ముతో లేచినదో ఎప్పుడైనను విచారించితిరా? అమెరికా దక్షిణ రాష్ట్రములలో పత్తిచేల నడుమ నల్లజాతి బిడ్డలకై కట్టిన బడుల సంగతి వినుడి.

బుకర్ టి. వాషింగ్టన్ కోరగా, షికాగో వర్తకుడగు జూలియస్ రోజన్వాల్డ్ 1912లో ఈ పనికి ధనమిచ్చెను. ఆయన యూదుడు. అయితే అంతయు తానే ఇయ్యలేదు. సర్కారును, ఊరివారును తమ వంతు తేవలెనని నియమము. 1932 నాటికి 15 రాష్ట్రములలో దాదాపు 5,000 బడులు వెలసెను. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు గలవి వానిలో అనేకము. కరెంటు లేదు గనుక తూర్పు పడమరల పెద్ద కిటికీలు పెట్టిరి. వ్రాయు చేతి నీడ కాగితముపై పడకుండ, ఎడమప్రక్కనుండి వెలుగు వచ్చునట్లు బల్లలు వేసిరి. ఎంత చక్కని ఆలోచన!

పన్నులు కట్టియు తమ బిడ్డలకు సరియైన బడి లేనివారే మరల చందాలెత్తిరి. కొందరు తమ పొలములో కొంత పత్తిని బడికే విడిచిరి. అలబామాలో ఒక సభయందు, బానిసత్వపు దినములు చూచిన వృద్ధుడొకడు జిడ్డుపట్టిన పాత సంచి తీసి బల్లపై కుమ్మరించెను. జన్మమంతయు కూడబెట్టినది 38 డాలర్లు! మనుమల బిడ్డలకైనను చదువబ్బవలెనని ఆయన ఆశ. ఇట్లు నల్లవారిచ్చినది మొత్తము 47 లక్షల డాలర్లు. అది రోజన్వాల్డ్ ఇచ్చినదానికంటె ఎక్కువే.

జాతిభేదపు బడులు చెల్లవని 1954లో సుప్రీముకోర్టు తీర్పిచ్చిన తరువాత ఇవి క్రమముగా మూతపడెను. కొన్ని మాత్రము, పాత ప్రార్థనామందిరముల ప్రక్కన, నేటికిని నిలిచియున్నవి.