మురుగు, మరుగు, మనిషి
నెల్లూరు పురపాలక చరిత్రలో కొన్ని మాటలు

పట్టణ చరిత్ర రాయబూనిన వాళ్ళు గుళ్ళతోనో, రాజులతోనో మొదలుపెట్టడం మనకు ఆనవాయితీ. నెల్లూరు అనగానే తిక్కన, మనుమసిద్ధి, పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి గుర్తుకు వస్తాయి. ఐతే ఏ ఊరైనా తన మలినాన్ని ఎటు పంపింది, ఎవరి చేత పంపించింది, ఆ పనిని ఏ మాటలతో శాసించింది అనేది కూడా చరిత్రే. సాహిత్యకారులకు ఆ మూడో ప్రశ్న మరీ ముఖ్యం. ఎందుకంటే శాసనానికైనా సాహిత్యానికైనా ముడిసరుకు మాటే.

నెల్లూరు మునిసిపాలిటీ 1866లో ఏర్పడింది. అంతకుముందు సంవత్సరమే మద్రాసు ప్రభుత్వం పట్టణాల అభివృద్ధి చట్టం చేసింది. దాని వెనక ఇంగ్లండు అనుభవం ఉంది. 1842లో చాడ్విక్ నివేదిక కార్మికవాడల మురికిని, మరణాలను లెక్కకట్టింది. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు పార్లమెంటు కిటికీల దాకా వచ్చాక గాని లండనుకు భూగర్భ మురుగు కాలువల మహానిర్మాణం దక్కలేదు. పాలకుల ముక్కుకు తగిలినప్పుడే మురుగు రాజకీయ సమస్య అవుతుందని అప్పుడే తేలిపోయింది. వలస దేశంలో ఆ ముక్కు సివిల్ లైన్లలో, కంటోన్మెంట్లలో ఉంది. అందుచేత మన పట్టణాలకు ముందు వచ్చింది గొట్టాలు కాదు, చట్టాలు. 1871, 1884, 1920 చట్టాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. గొట్టం చెయ్యవలసిన పనిని మనిషి నెత్తిమీద గంప చేసింది.

ఈ చట్టాల్లో కీలకమైన మాట 'స్కావెంజింగ్'. దాని పుట్టుక విచిత్రం. మధ్యయుగపు లండనులో బయటి వర్తకుల సరుకు మీద వసూలు చేసే సుంకం పేరు 'స్కావేజ్'. దాన్ని వసూలు చేసిన అధికారికే తరవాత వీధుల శుభ్రత అప్పగించారు. పన్ను వేసే చేతికి ఉన్న పేరు క్రమంగా చీపురు పట్టిన చేతికి దిగింది. మన 1965 ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం ఆస్తిపన్నులో భాగంగా స్కావెంజింగ్ పన్నును పేర్కొంది. పన్నుగా బయలుదేరిన మాట మళ్ళీ పన్నుగానే ఇంటికి చేరింది. మధ్యలో మోసిన మనిషి మాత్రం ఆ పద్దులో కనిపించడు.

తెలుగు మాటల సంగతీ అంతే. ఉర్దూలో పాకీ అంటే శుభ్రత. అదే రూపంలో ఉన్న తెలుగు మాట తిట్టుగా దిగజారింది. 'మురుగు', 'మరుగు' ఈ రెంటికీ భేదం ఒక్క కొమ్ము. మరుగుదొడ్డిలో మరుగు ఎవరికి? లోపల కూచున్నవాడికి సిగ్గు దాచే మరుగు, సరే. పెరటి సందులోంచి వచ్చి, వెనక దిడ్డి తీసి, ఎత్తిపోసుకు వెళ్ళిన మనిషిని వీధికి కనిపించకుండా చేసిన మరుగు కూడా అదే. చట్టం ఏ కులం పేరూ రాయలేదు. రాయవలసిన అవసరం దానికి రాలేదు. ఆ రాత సమాజం అప్పటికే రాసి ఉంచింది. నెల్లూరు సీమలో వేట, చేపలు, అడవి మూలికలు బతుకుగా గల యానాదుల్లో ఒక తెగకు 'పాకీ యానాదులు' అనే పేరు అంటుకుంది. పని పేరు తెగ పేరైంది.

కాలువ అనే మాటకు నెల్లూరులో ఇంకో చరిత్ర ఉంది. పెన్న ఆనకట్ట కింద జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ పైరుకు నీళ్ళిచ్చాయి. ఊరు పెరిగి కాలువల చుట్టూ కమ్ముకుంది, ఇళ్ళ మురుగు వాటిలో కలిసింది. కాగితం మీద అది సాగునీటి కాలువ, పారుదల శాఖది. కంటికి అది మురుగు, మునిసిపాలిటీది. రెండు పేర్ల మధ్య బాధ్యత జారిపోతుంది, నీళ్ళు మాత్రం గట్టు మీది గుడిసెల్లోకి వస్తాయి.

స్వాతంత్ర్యం తరవాత మాటలు మారాయి. పాకీవాడు పారిశుధ్య కార్మికుడయ్యాడు. ఆ మార్పును చిన్నచూపు చూడరాదు, అది పోరాడి గెలుచుకున్న గౌరవం. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 1993 చట్టాన్ని కోరిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అది అమల్లోకి వచ్చింది 1997లో. 2013లో ఇంకా విస్తృతమైన చట్టం వచ్చింది. ఐతే దాని నిర్వచనాలు చూడండి. ప్రభుత్వం ప్రకటించిన పరికరాలు, రక్షణ తొడుగులు వాడితే అదే పని చేసే మనిషి ఇక ఆ నిర్వచనం కిందికి రాడు. చేతికి తొడుగు తొడిగితే మనిషి లెక్కలోంచి తప్పుకుంటాడు! అలాగే 2019లో మన రాష్ట్ర కార్మికులకు పెంచిన ఆరు వేలు జీతంగా కాక, వృత్తి ఆరోగ్య భత్యంగా వచ్చాయి. 2022 జూలైలోనూ, 2023 డిసెంబరులోనూ మునిసిపల్ కార్మికులు సమ్మె చేసినప్పుడు ఈ 'భత్యం' అనే మాట చుట్టూ కూడా తగాదా నడిచింది. జీతం హక్కు, భత్యం దయ అని వాళ్ళకు ఏ నిఘంటువూ చెప్పనక్కరలేదు.

ఆ 2023లోనే కేంద్ర బడ్జెట్టు ప్రసంగం 'మేన్‌హోల్ నుంచి మెషిన్‌హోల్‌కు' అని ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు, మురుగుగుంతలో చనిపోయిన వారి కుటుంబాలకు పరిహారాన్ని పది లక్షల నుంచి ముప్ఫై లక్షలకు పెంచవలసి వచ్చింది. గుంత పేరు మారింది గాని, అందులోకి దిగే మనిషి మారలేదు.

అభ్యుదయ రచయితల ఉద్యమానికి పునాది వేసినవారిలో ఒకడైన ముల్క్‌రాజ్ ఆనంద్ 1935లోనే పాయిఖానాలు కడిగే బాఖాను నవలా నాయకుణ్ణి చేశాడు. 1947లో తకళి శివశంకర పిళ్ళె అలెప్పీ పట్టణపు తోట్టి కుటుంబాన్ని మూడు తరాల కథగా రాశాడు. వాళ్ళు చేసిన పని సానుభూతి చూపడం మాత్రమే కాదు. మునిసిపల్ రికార్డులో పన్నుగా, పద్దుగా, లోడుగా ఉన్నదాన్ని మళ్ళీ మనిషిగా చదివారు.

గత దశాబ్దంలో నెల్లూరు వీధుల కింద భూగర్భ డ్రైనేజి పనులు మొదలయ్యాయి. మురుగు మరుగున పడటం మంచిదే. దానితోపాటు మనిషిని కూడా మరుగున పడనిస్తామా అన్నది మన ప్రశ్న. ఇంజనీరు గొట్టం వేస్తాడు, శాసనకర్త నిర్వచనం రాస్తాడు. ఆ నిర్వచనంలో ఎవరు లోపల ఉన్నారు, ఎవరు బయట పడ్డారు అని చదివి చెప్పవలసిన పని రచయితలది, సాహిత్య విద్యార్థులది.