శ్రీహరికోటలో ప్రజా సంబంధాలు

తిరుపతి జిల్లా (2022 వరకు నెల్లూరు జిల్లా) సూళ్లూరుపేట దగ్గర, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న దీవి శ్రీహరికోట. అక్కడి రాకెట్ ప్రయోగ కేంద్రాన్ని స్థానికులు షార్ అంటారు. 2002 నుంచి దాని అధికారిక నామం సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం. కాపలా గేట్ల వెనక జరిగే పనిని ఈ కేంద్రం పత్రికలకూ ప్రజలకూ ఇరుగుపొరుగు ఊళ్లకూ ఎలా చెప్పుకొచ్చిందన్నదే ఈ వ్యాస విషయం. ఇస్రోలో ప్రచురణలు, ప్రజా సంబంధాల విభాగం ఉండేది బెంగళూరు ప్రధాన కార్యాలయంలో. ప్రకటనలు అక్కడి నుంచి వచ్చినా, జనం గుర్తుపెట్టుకున్న మాటలు మాత్రం ఎక్కువగా ప్రయోగ కేంద్రం నుంచి, ఆ ఉద్యోగంలో లేనివాళ్ల నోటి నుంచే వచ్చాయి.

తొలి ఏళ్లు

1969లో శ్రీహరికోటను ఎంపిక చేసేనాటికి అది సరుగుడు, యూకలిప్టస్ తోటల దీవి. అక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు పొయ్యిలకు వెళ్లేవి. అడవినీ నీటినీ నమ్ముకున్న యానాదులు అక్కడ నివసించేవారు. కేంద్రం వచ్చాక వారి బతుకు తెరువు మారింది, నివాసాలు కదిలాయి. షార్‌కు మొట్టమొదటి ‘ప్రజలు’ వాళ్లే. అయినా కేంద్రం చరిత్రను పండుగగా చెప్పుకునే సందర్భాల్లో వారి ప్రస్తావన ఒకటి రెండు వాక్యాలు దాటదు.

1971 అక్టోబరు 9, 10 తేదీల్లో మూడు రోహిణి-125 సౌండింగ్ రాకెట్లతో ప్రయోగాలు మొదలయ్యాయి. అంతరిక్ష ప్రచారంలో అప్పటికి ప్రపంచం ముందు రెండు దారులున్నాయి. సోవియట్ యూనియన్ ప్రయోగం ఫలించాక చాటింపు వేసేది, విఫలమైతే నోరు మెదిపేది కాదు. అమెరికాలో 1958 నాటి చట్టమే సమాచారాన్ని వీలైనంత విస్తృతంగా పంచాలని నాసాను ఆదేశించింది. మూడో ఉదాహరణ ఆఫ్రికాలో ఉంది. కెన్యా తీరంలోని శాన్ మార్కో వేదిక నుంచి 1970 డిసెంబరు 12న, ఆ దేశ స్వాతంత్ర్య దినాన, నాసా ఒక ఎక్స్-రే ఉపగ్రహాన్ని పంపింది. ఆతిథ్యమిచ్చిన దేశానికి కృతజ్ఞతగా ప్రాజెక్టు మేనేజర్ మార్జొరీ టౌన్‌సెండ్ దానికి ‘ఉహురు’ అని స్వాహిలీ పేరు పెట్టారు. ఖర్చులేని ప్రజా సంబంధాలంటే ఇదే. శ్రీహరికోట నుంచి వెళ్లిన ఉపగ్రహాల్లో రోహిణి ఉంది గానీ, పులికాట్ ఒడ్డు పేరు ఒక్కదానికీ పెట్టలేదు.

మైకు ముందుకు ఎవరు?

1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమైంది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోవడంతో రాకెట్ అదుపు తప్పి, బయలుదేరిన 317 సెకన్లకు సముద్రంలో పడింది. ప్రయోగ సారథి ఎ.పి.జె. అబ్దుల్ కలాం. కానీ విలేకరుల ముందు కూర్చుని, ‘బాధ్యత నాది, నా బృందం మీద నాకు నమ్మకం ఉంది’ అన్న అర్థంలో మాట్లాడినది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్. 1980 జులై 18న అదే రాకెట్ 35 కిలోల రోహిణిని కక్ష్యలోకి చేర్చినప్పుడు ధవన్ పక్కకు తప్పుకుని, ‘ఈ సమావేశం నువ్వే నడుపు’ అని కలాంను పంపారు. ఈ సంగతి కలాం జీవితాంతం సభల్లో చెప్పారు.

దీన్ని నాయకత్వ పాఠంగా చెప్పుకోవడం మామూలే. ప్రజా సంబంధాల లెక్కలో మాత్రం దాని విలువ వేరు: చెడ్డ వార్తను సంస్థలో అందరికన్నా పైవాడే చెప్పాలన్న ఆనవాయితీ ఆ రోజు పడింది. తర్వాత 1987, 1988లో ఏఎస్ఎల్‌వీ, 1993లో పీఎస్ఎల్‌వీ తొలి ప్రయోగాలు దెబ్బతిన్నాయి. పత్రికలు పరిహసించాయి. 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్‌వీ-ఎఫ్06 టీవీ ప్రత్యక్ష ప్రసారంలోనే గాల్లో ముక్కలైంది. దాచడానికి ఏమీ మిగల్లేదు. ఛైర్మన్ కె. రాధాకృష్ణన్ కొద్దిసేపటికే వచ్చి, నియంత్రణ సంకేతాలు తెగిపోయిన తీరును వివరించారు.

అన్నిసార్లూ ఇంత విప్పి చెప్పారనలేం. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగాన్ని 56 నిమిషాల 24 సెకన్లు మిగిలి ఉండగా ఆపినప్పుడు, రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ సహా వచ్చినవారందరికీ దక్కింది సాంకేతిక లోపమన్న ఒక్క ముక్కే. వారానికే, 22న, రాకెట్ లేచింది కాబట్టి ఆ ముక్క సరిపోయింది. 2022 ఆగస్టు 7న ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం వృత్తాకార కక్ష్యకు బదులు 356 × 76 కిలోమీటర్ల కక్ష్యలో ఉపగ్రహాలను వదిలింది. అవి ఇక పనికిరావని ఛైర్మన్ ఎస్. సోమనాథ్ వీడియోలో అంకెలతో సహా చెప్పారు. ధవన్ నాటి పద్ధతి మైకు దాటి ఇంటర్నెట్‌కు చేరింది.

ఒక గొంతు

కౌంట్‌డౌన్ ప్రకటనలు సాంకేతిక విధిలో భాగం. రేంజ్ ఆపరేషన్స్‌కు చెందినవారే ఆ పని చేస్తారు. అయినా టీవీలో చూసే కోట్ల మందికి షార్ అంటే ఆ గొంతే. చాలా ప్రయోగాలకు ఆ గొంతు ఎన్. వలర్మతిది. ఉద్వేగం లేకుండా, తొందర లేకుండా పలికే ఆమె మాట చంద్రయాన్-3 ప్రయోగంలోనూ వినిపించింది. 2023 సెప్టెంబరులో ఆమె చెన్నైలో మరణించినప్పుడు కొన్ని పత్రికలు రీశాట్-1 ప్రాజెక్టు డైరెక్టర్ ఎన్. వలర్మతి ఫొటో వేశాయి. ఇద్దరూ ఇస్రోవారే, పేరూ ఒకటే, మనుషులు వేరు. గొంతు దేశమంతటికీ తెలిసినా ముఖం పత్రికలకు కూడా తెలియలేదన్నమాట. వలర్మతికి ప్రజా సంబంధాల హోదా ఏదీ లేదు. ఆ పనిని ఆమెకంటే ఎక్కువగా చేసినవారు శ్రీహరికోటలో తక్కువ.

గేటు తెరిచాక

చాలాకాలం సామాన్యులు ప్రయోగాలను సూళ్లూరుపేట మేడల మీద నుంచో, పులికాట్ మీదుగా వెళ్లే రోడ్డు మీద నిలబడో చూసేవారు. ఇస్రో ఛైర్మన్లు ప్రయోగానికి ముందు సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్లడం, నమూనా రాకెట్‌తో తిరుమల దర్శనం చేసుకోవడం స్థానిక పత్రికలకు తప్పనిసరి వార్త. సైన్సు వాళ్లకు గుళ్లెందుకని విమర్శించినవారున్నారు. ఊరి జనానికి మాత్రం ఛైర్మన్ దగ్గరగా కనిపించేది ఆ గుడి దగ్గరే.

పాఠశాలల వైపు దారి ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలతో తెరుచుకుంది. ఐక్యరాజ్యసమితి 1999లో ప్రకటించిన ఈ వారాన్ని షార్ ఏటా అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రదర్శనలు, పోటీలతో జరుపుతుంది. అసలైన మార్పు 2019లో వచ్చింది. 5 వేల మంది కూర్చునే సందర్శకుల గ్యాలరీని మార్చి 31న ప్రారంభించి, మర్నాడు పీఎస్ఎల్‌వీ-సీ45 ప్రయోగానికి జనాన్ని రానిచ్చారు. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకున్న ఎవరైనా రావచ్చు. కొవిడ్ ఆ తలుపును కొంతకాలం మూసింది.

ఈ గ్యాలరీలో సీటుతో సంబంధం లేనివారు మత్స్యకారులు. ప్రతి ప్రయోగానికీ వారికి అందేది వేటకు వెళ్లవద్దన్న హెచ్చరిక. రాకెట్ దారిలో పడవ ఉండకూడదు కాబట్టి అది తప్పనిది. వాయిదా పడితే హెచ్చరికా మళ్లీ వస్తుంది, ఆ రోజు వేటా పోతుంది. షార్ తరచుగా మాట్లాడాల్సిన పొరుగువారు వీళ్లే. వాళ్లతో మాట మాత్రం ఎక్కువగా జిల్లా యంత్రాంగం, మత్స్యశాఖ, తీర పోలీసుల ద్వారానే నడుస్తోంది.

2025 జనవరి 29న జీఎస్ఎల్‌వీ-ఎఫ్15తో శ్రీహరికోట వందో ప్రయోగం పూర్తయింది. అదే ఏడాది మే 18న పీఎస్ఎల్‌వీ-సీ61 మూడో దశలో విఫలమైంది. ప్రత్యక్ష ప్రసారం ఇంకా నడుస్తుండగానే ఛైర్మన్ వి. నారాయణన్ వచ్చి ఆ మాట చెప్పారు.