జుమ్లూకియ్యా: ఒక మాట పుట్టుక

2000 జూన్ 10న సిరియా అధ్యక్షుడు హాఫెజ్ అల్ అసద్ కన్నుమూశాడు. అధ్యక్షుడు కావాలంటే రాజ్యాంగం ప్రకారం 40 ఏళ్లు నిండాలి. ఆయన కొడుకు బషర్‌కు 34. అదే రోజు పార్లమెంటు కూర్చుని 40ని 34గా మార్చింది.

ఆ రోజుల్లోనే కైరోకు చెందిన సామాజిక శాస్త్రవేత్త సాద్ ఎద్దీన్ ఇబ్రహీం 'జుమ్లూకియ్యా' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చారు. జుమ్హూరియ్యా అంటే గణతంత్రం, మలకియ్యా అంటే రాజరికం. రెండూ కలిపితే, మన మాటల్లో, 'గణరాజరికం'. ఈజిప్టులో అధ్యక్షుడు ముబారక్ కొడుకు గమాల్ పేరు కూడా వారసుడిగా అప్పటికే వినిపిస్తోంది. జూన్ నెలాఖరులో ఇబ్రహీం అరెస్టయ్యారు. ప్రభుత్వం మోపిన నేరాలు వేరు. ఆయన మాత్రం ఈ మాటే కారణమని నమ్మారు. జైలు జీవితం తర్వాత, 2003లో కోర్టు ఆయన్ను నిర్దోషిగా విడుదల చేసింది.

ఈ మాటలోని రెండు సగాలూ అరబ్ దేశాల్లో అంత పాతవేమీ కావు. 'జుమ్హూర్' అంటే జనసమూహం. దాని నుంచి 'గణతంత్రం' అనే అర్థాన్ని తీసింది ఒట్టోమన్ తుర్కులు. ఇక ఖలీఫాలు, సుల్తానులు, అమీర్లు, ఇమాములు ఏలిన ఆ నేల మీద 'మలిక్' అనే ఆధునిక రాజు చాలావరకు 20వ శతాబ్దపు మనిషి. ఇరాక్ సంగతే చూడండి. డమాస్కస్ సింహాసనం నుంచి ఫ్రెంచివాళ్లు వెళ్లగొట్టిన ఫైసల్‌ను, 1921 ఆగస్టు 23న బ్రిటిష్‌వాళ్లు బాగ్దాద్‌లో రాజును చేశారు. ఆయన ఇరాక్ వాడు కాదు, అరేబియాలోని హిజాజ్ వాడు. ఇరాక్‌కు జాతీయగీతం లేక, పట్టాభిషేకంలో బ్రిటిష్ గీతమే వాయించారు. అలాంటి సింహాసనాన్ని 1958లో సైనికాధికారులు కూల్చి, 23 ఏళ్ల రెండో ఫైసల్‌ను చంపేశారు. ఈజిప్టు అంతకు ముందే గణతంత్రమైంది. యెమెన్, లిబియా ఆ తర్వాత అదే దారి పట్టాయి.

అధికారం ప్రజలదేనని ఈ సైనికులు అన్నారు. వాళ్ల హక్కుకు ఆధారం ఆ ఒక్క మాటే. కొడుక్కి కుర్చీ రాసిచ్చిన రోజున ఆ ఆధారమూ పోయింది. రాజులు అలాంటి మాట ఇవ్వలేదు కాబట్టి తప్పే అవసరం వాళ్లకు రాలేదు. అంతమాత్రాన వాళ్లకు ప్రజామోదం ఉందని నేను అనను. 2011లో అరబ్ దేశాల్లో తిరుగుబాట్లు రేగినప్పుడు బహ్రెయిన్ రాజును కాపాడింది సౌదీ సైన్యపు అండ, గల్ఫ్‌లో చాలాచోట్ల చమురు డబ్బు. అయినా ఆ ఏడాది తిరుగుబాట్లకు రాజులు కాని పాలకులే బలయ్యారు. ట్యునీసియా, ఈజిప్టు, లిబియా, యెమెన్, నాలుగూ గణతంత్రాలే. ఒక్క రాజూ గద్దె దిగలేదు.

బషర్ ఇంకో 13 ఏళ్లు నెగ్గుకొచ్చాడు. 2024 డిసెంబరు 8న మాస్కోకు పారిపోయాడు.